గెలిస్తే గనదోర్, మెచ్చితే ఈదొలో

స్పానిష్ నేర్చుకునేవాళ్ల సందేహాలకు ఈ శీర్షికలో చోటిస్తానని పోయిన నెల రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గెలిచినవాళ్లను ఏమనాలి, మెచ్చినవాళ్లను ఏమనాలి అన్నవే. అందుకే ఈసారి అవే తీసుకున్నాను. స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. మన త, ద లు వాళ్ల త, ద లకు చాలా దగ్గర. ఇంగ్లిషు అలవాటుతో ట, డ అనకండి. వాళ్లు రాతలో ‘వ’ అక్షరం పెట్టినా పలికేది ‘బ’కి దగ్గర, కాబట్టి పలికినట్టే రాశాను. కొన్నిచోట్ల నేను ‘స’ అని రాసినదాన్ని స్పెయిన్‌లో చాలామంది నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. లాటిన్ అమెరికాలో అది మామూలు ‘స’ మాత్రమే.

మేడమ్, మా అబ్బాయి టెన్నిస్ నేర్చుకుంటున్నాడు. మొన్న స్పెయిన్ నుంచి వచ్చినాయన ఒకరు వాడి ఆట చూసి, భుజం తట్టి ‘ఎరెస్ ఉన్ క్రాక్’ అన్నారు. పక్కనే ఉన్న మా మామగారికి కోపం వచ్చింది. ‘పిల్లోణ్ణి పట్టుకుని క్రాక్ అంటాడేంది’ అని ఇప్పటికీ అంటున్నారు. ఇంతకీ ఆయన తిట్టారా, పొగిడారా?
— ఒక తల్లి, అనంతపురం

పొగిడారమ్మా, అదీ గట్టిగా. మీ మామగారికి ‘నువ్వు తోపు రా’ అన్నారని చెప్పండి, సరిపోతుంది. మన దగ్గర ‘క్రాక్’ అంటే తిక్క మనిషి. స్పానిష్‌లోకి అదే మాట ఇంగ్లిషు నుంచి ఆటల దారిలో వెళ్లింది. అక్కడ దానికి అర్థం ఆటలో మిగతావాళ్లకు అందనివాడని. ఆడపిల్లనైతే ‘ఉనా క్రాక్’ అంటారు, మాట మారదు, ముందున్న ముక్క ఒక్కటే మారుతుంది. ఆటలతో మొదలై ఇప్పుడు అన్నిటికీ వాడేస్తున్నారు. కంప్యూటర్ బాగు చేసినా క్రాకే, బిర్యానీ బాగా వండినా క్రాకే.

ఆయన ‘గనదోర్’, అంటే గెలిచినవాడు, అనలేదు చూశారా? మీవాడు ఆ పూట ఏ మ్యాచూ గెలిచి ఉండడు. క్రాక్ అనిపించుకోవడానికి గెలవక్కర్లేదు, ఆడిన తీరు చాలు.

స్పెయిన్‌లో ఇదే వరసలో ఇంకొన్ని ఉన్నాయి. ‘మాకినా’ అంటే యంత్రం, ‘ఫియెరా’ అంటే క్రూరమృగం, ‘మోన్‌స్త్రువో’ అంటే రాక్షసాకారం. అన్నీ మెచ్చుకోళ్లే! ఈ చివరి మాటకు పెద్ద వంశవృక్షమే ఉంది. నాటకకర్త లోపె దె బేగా రాసే వేగం చూసి రచయిత సెర్వాంతెస్ 1615లో తన నాటకాల సంపుటి ముందుమాటలో ఆయన్ను ‘మోన్‌స్త్రువో దె నాతురలేసా’, అంటే ప్రకృతి పుట్టించిన అద్భుత జీవి, అన్నాడు. ఇద్దరికీ అంతగా పడేది కాదు. ఆ పొగడ్తలో మెచ్చుకోలు ఎంత, ఉడుకుమోత్తనం ఎంత అన్నది చదివేవాళ్ల ఇష్టం.

ఒక్క జాగ్రత్త. కొత్త మనిషిని పట్టుకుని ‘మాకినా, ఫియెరా, ఫిగూరా’ అని వరసగా పిలవడం స్పెయిన్‌లో ఒక రకం మగవాళ్ల అలవాటు. బార్ కౌంటర్ దగ్గర నిలబడి అన్నీ తమకే తెలుసన్నట్టు మాట్లాడేవాళ్లది. దాని మీద జోకులు బోలెడు. మీరు నేర్చుకునేవాళ్లు కాబట్టి క్రాక్ దగ్గర ఆగండి. దేశం దాటితే మాట కూడా మారుతుంది. అర్జెంటీనాలో ‘కాపో’, ‘గ్రోసో’ అంటారు, కొలంబియాలో ‘తేసో’. చిలీలో ఒకడు లెక్కల్లో ‘సేకో’ అన్నారంటే లెక్కల్లో దిట్ట అని, విడిగా ఆ మాటకు అర్థం ‘ఎండినది’. మెక్సికోలో ‘చింగోన్’ వినపడుతుంది. అది మీ మామగారు ఉండగా మాత్రం అనకండి, దాని మూలం బూతు.

నేను స్పానిష్ రెండో ఏడాది విద్యార్థిని. పి.వి. సింధు మీద పేరా రాయమన్నారు. రియో ఒలింపిక్స్ ఫైనల్ గురించి రాస్తూ కరొలీనా మారిన్‌ను ‘బెన్సెదోరా’ అనీ, సింధును ‘గనదోరా దె ప్లాతా’ అనీ రాశాను. సార్ మొదటిదాన్ని వదిలేసి రెండోదాని కింద ఎర్ర గీత గీశారు. రెండూ గెలుపు మాటలే కదా?
— విద్యార్థిని, హైదరాబాద్

మీ సార్ గీత సరైన చోటే పడింది. ‘ప్లాతా’ అంటే వెండి, నిజమే. కానీ లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ప్లాతా అంటే డబ్బు. ‘గనార్’ క్రియకు గెలవడమనే కాదు, సంపాదించడమని కూడా అర్థం. ‘కువాంతో గానాస్?’ అని ఎవరైనా అడిగితే ఎన్ని పతకాలని కాదు, జీతం ఎంతని. ఇక మీ వాక్యం కొలంబియా రాజధాని బొగొతాలో చదివితే సింధు ఇల్లు గడపడానికి డబ్బు సంపాదిస్తున్న మనిషిలా ఉంటుంది. ‘గనదోరా దె లా మెదాయా దె ప్లాతా’ అని పతకాన్ని మధ్యలో పెట్టి ఉంటే గీత పడేది కాదు. ఇంకా తేలిక దారి ‘మెదయీస్తా దె ప్లాతా’. పత్రికల వాళ్లయితే ‘సుబ్‌కంపెయోనా ఒలింపికా’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ‘సుబ్’ చూసి చిన్నబుచ్చారనుకోకండి. రన్నరప్‌కు వాళ్ల మామూలు మాట అదే, గౌరవమైనదే.

ఇప్పుడు మారిన్ సంగతి. 2016 ఆగస్టు 19న జరిగిన ఆ ఫైనల్లో మొదటి గేమ్ సింధుది, 21–19. తర్వాతి రెండూ 21–12, 21–15తో మారిన్ తీసుకుంది. ఆ ఒక్క సాయంత్రానికి మారిన్‌ను మూడు మాటల్తో పిలవొచ్చు, మూడూ తప్పు కాదు. కానీ మూడూ చెప్పేది ఒకటే అనుకుంటే మాత్రం పొరపాటు.

‘గనదోరా’ అంటే గెలిచిన మనిషి. అంతకన్నా ఏమీ చెప్పదు. మ్యాచ్ గెలిచినా, వ్యాసరచన పోటీలో గెలిచినా, పాటల పోటీలో గెలిచినా చెల్లుతుంది. ఎటూ తోచనప్పుడు ఇది రాయండి, ఎవరూ నవ్వరు.

‘బెన్సెదోరా’ అనాలంటే ఓడిన మనిషి ఎదురుగా ఉండాలి. లాటిన్‌లో జయించడం అనే క్రియ నుంచి వచ్చింది. అవతల ఒక ప్రత్యర్థి, ఒక సైన్యం, లేదంటే కనీసం ఒక జబ్బు, ఒక భయం లేకపోతే ఈ మాట గాలిలో వేలాడుతుంది. సింధు నెట్‌కు అవతల నిలబడి ఉంది కాబట్టే మీ సార్ దాన్ని వదిలేశారు. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి వచ్చినవాళ్లను బెన్సెదోర్ అంటే, మిగతావాళ్లను కలాలతో పొడిచి పడేసినట్టు ఉంటుంది.

ఈ మాటకు స్పెయిన్‌లో ఇంకో బరువుంది, పాఠ్యపుస్తకాల్లో చెప్పరు. 1936 నుంచి 1939 దాకా సాగిన అంతర్యుద్ధం తర్వాత ఆ దేశం చాలాకాలం ‘బెన్సెదోరెస్ ఇ బెన్సీదోస్’గా, గెలిచినవాళ్లూ ఓడినవాళ్లుగా, రెండుగా బతికింది. ఉద్యోగం ఎవరికి, జైలు ఎవరికి అన్నది దాన్ని బట్టే. సలమాంకా విశ్వవిద్యాలయంలో 1936 అక్టోబర్ 12న సైనికాధికారుల ముందే రచయిత మిగేల్ దె ఉనమూనో ‘బెన్సెరేయిస్, పెరో నో కొన్‌బెన్సెరేయిస్’ అన్నాడని చెప్పుకుంటారు. జయిస్తారు గానీ ఒప్పించలేరని. అచ్చంగా ఆ మాటలే అన్నాడా అని చరిత్రకారులు వాదించుకుంటున్నా, వాక్యం మాత్రం జనం నోట నిలిచిపోయింది. పెద్ద వయసు స్పెయిన్‌వాళ్లతో రాజకీయాలు మాట్లాడేటప్పుడు ఈ జంట మాటల్ని తేలిగ్గా విసరకండి. క్రీడల పేజీలో ఆ ఇబ్బంది లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరెస్‌లో పాల ప్యాకెట్ మీద ‘బెన్సీదా’ అన్నారంటే పాలు యుద్ధంలో ఓడిపోలేదు, గడువు దాటిపోయాయి.

మూడోది ‘కంపెయోనా’. ఇది బిరుదు. గెలుపు ఆ రోజుతో అయిపోతుంది, బిరుదు ఇంటికి వస్తుంది. సెమీఫైనల్ గెలిచిన రోజు మారిన్ గనదోరా, బెన్సెదోరా కూడా, కానీ ఒలింపిక్స్‌కు ఇంకా కంపెయోనా కాదు. మర్నాడు ఫైనల్ తర్వాతే ‘కంపెయోనా ఒలింపికా’ అయింది. 2014, 2015, 2018లలో ప్రపంచ టైటిల్ కొట్టింది కాబట్టి ‘త్రికంపెయోనా’ కూడా. ఆ 2018 ఫైనల్లోనూ అవతల ఉన్నది సింధునే. మీ పేరాలో 2019 కూడా రాయండి. బాసెల్‌లో ఒకుహారాను 21–7, 21–7తో ఓడించి సింధు ‘కంపెయోనా దెల్ ముందో’ అయింది. స్పెయిన్‌లో అలా అంటారు, లాటిన్ అమెరికాలో ‘కంపెయోనా ముందియల్’ ఎక్కువ. అక్షరాల మీద ఒక కన్నేసి ఉంచండి. మగవాడికి ‘కంపెయోన్’ రాసేటప్పుడు చివరి అచ్చు మీద గీత ఉంటుంది, ఆడవాళ్లకూ బహువచనానికీ ఆ గీత ఎగిరిపోతుంది. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఈ మాట కుదుట్లో ‘కంపో’ ఉంది, అంటే మైదానం, పోరు జరిగే నేల. దానికి దగ్గరి చుట్టం ‘కంపెయదోర్’. 1099లో బలెన్సియాలో చనిపోయిన రొద్రీగో దియాస్ దె బిబార్‌కు ఆ బిరుదు ఉండేది. మనం ‘ఎల్ సిద్’ అని వింటాం కదా, ఆయనే. ఆ సిద్ ఏమిటంటే అరబీలో ప్రభువని. మన ఊళ్లలో ఉన్న సయ్యద్‌ గార్ల పేరు కూడా ఆ అరబీ మాటే. క్రైస్తవ యోధుడికి అరబీ బిరుదు ఎలా వచ్చిందంటారా? ఆయన కొన్నేళ్లు సరగోసా ముస్లిం రాజుల కొలువులో పోరాడాడు మరి.

‘త్రియున్ఫదోర్’ అడగలేదు గానీ పనిలో పని. జీవితంలో పైకొచ్చినవాడిని అలా అంటారు. మ్యాచ్ స్కోరు పక్కన రాయకండి.

మా హీరో సినిమా విడుదల గురించి మాడ్రిడ్‌లో ఉన్న స్నేహితుడికి రాస్తూ ‘మి ఎరోయె’ అన్నాను. ‘ఆయన నీ ప్రాణం కాపాడాడా?’ అని తిరుగు జవాబు వచ్చింది. ఎగతాళి చేశాడా?
— ఒక అభిమాని, కాకినాడ

ఎగతాళి కాదు బాబూ, నిజంగానే అడిగాడు. తెలుగులో ‘హీరో’ ఒక ఉద్యోగం. పోస్టరు మీద పెద్ద బొమ్మ ఎవరిదైతే వాళ్లు హీరో. స్పానిష్‌లో ‘ఎరోయె’ (ముందున్న ‘హ’ రాస్తారు, పలకరు) అనిపించుకోవాలంటే మంటల్లోంచి పిల్లాడిని ఎత్తుకొచ్చి ఉండాలి, లేదా ఇతిహాసంలో పుట్టి ఉండాలి. 2020 లాక్‌డౌన్‌లో స్పెయిన్ జనం రోజూ రాత్రి ఎనిమిదింటికి బాల్కనీల్లోకి వచ్చి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టారు. అప్పుడు పత్రికలు వాళ్లను ‘ఎరోయెస్’ అన్నాయి. చాలామంది నర్సులు, డాక్టర్లు ‘మేం ఎరోయెస్ కాదు, మాకు రక్షణ దుస్తులివ్వండి’ అన్నారు. నాకు ఆ జవాబే నచ్చింది.

సినిమాలో ముఖ్యపాత్ర వేసినవాళ్లు ‘ప్రొతగొనీస్తా’. ఆడా మగా ఇద్దరికీ అదే మాట, ముందు ‘ఎల్’ పెడితే ఆయన, ‘లా’ పెడితే ఆవిడ. ప్రేమకథల్లో అందగాడిని ‘గలాన్’ అంటారు. హీరోయిన్‌ను ‘ఎరొయీనా’ అనొచ్చా అని మీ తర్వాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ హెరాయిన్ అనే మత్తుమందుకూ అదే మాట, అదే రాత. ‘నాకు ఎరొయీనా అంటే పిచ్చి’ అని మాడ్రిడ్‌కు రాసి పంపితే మీ స్నేహితుడు ఈసారి మీ ఇంట్లోవాళ్లకు ఫోన్ చేస్తాడు. మొదటి ఉత్తరంలోని క్రాక్ కూడా ఒక మత్తుమందు పేరేనని ఇక్కడ గుర్తొస్తోంది. పొగడటానికి వీళ్లకు ఇంకేమీ దొరకలేదా అనిపిస్తుంది.

మీ మనసులో ఉన్నదానికి సరైన మాట ‘ఈదొలో’. అసలు అర్థం విగ్రహం. మనం కటౌట్లకు పాలాభిషేకాలు చేస్తాం కాబట్టి ఇంతకన్నా అతికే మాట లేదు. మెక్సికోలో పేద్రో ఇన్ఫాంతె అనే నటుడు, గాయకుడు ఉండేవాడు. 1957 ఏప్రిల్ 15న మెరీదాలో విమానం కూలి చనిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ తేదీకి అభిమానులు సమాధి దగ్గర చేరి ఆయన పాటలు పాడతారు. ఆయన పెరిగిన ఊరి పేరుతో ‘గ్వామూచిల్ ఈదొలో’ అని పిలుచుకుంటారు. ఈ మాటకు స్త్రీలింగం లేదు, గమనించండి. ‘ఎయా ఎస్ మి ఈదొలో’, ఆమె నా ఆరాధ్య తార. సరదాకు ‘ఈదొలా’ అనేవాళ్లున్నారు గానీ పరీక్షలో రాయొద్దు. ‘ఎస్త్రేయా’, అంటే నక్షత్రం, దీనికి తలకిందులు. మీసాలు మెలేసే నటుడైనా ‘లా ఎస్త్రేయా’ అనే అనాలి.

మీ సంగతీ చెప్పుకోవాలి కదా. సినిమా అభిమాని ‘ఫాన్’, కాస్త మర్యాదగా ‘అద్మిరదోర్’. ఫుట్‌బాల్ అయితే స్పెయిన్‌లో ‘అఫిసియొనాదో’, దక్షిణ అమెరికాలో ‘ఇంచా’. ఇంచాకు మూలమైన క్రియకు గాలి కొట్టడం, ఉబ్బించడం అని అర్థం. ఉరుగ్వే రాజధాని మొంతెబిదెయోలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నసియొనాల్ జట్టుకు బంతుల్లో గాలి కొట్టే ఉద్యోగి ఒకడు గట్టు మీద నిలబడి అందరికన్నా పెద్దగా అరిచేవాడట. ‘ఆ అరిచేదెవరు?’ అంటే ‘గాలి కొట్టేవాడు’ అనేవారు. అలా ఆ పేరు అభిమానులందరికీ అంటుకుందని ఉరుగ్వేవాళ్లు చెప్పుకుంటారు.

డల్లాస్ దగ్గర ఉంటాం. మా వాడి సాకర్ కోచ్ మెక్సికో ఆయన. మ్యాచ్ ఓడినా ‘కంపెయోన్’ అంటాడు. వెటకారమా?
— ఒక అమ్మ, టెక్సస్

కాదమ్మా. బిరుదు వేరు, పిలుపు వేరు. పిల్లాడి తల నిమిరి ‘కంపెయోన్’ అంటే మనం ‘మా రాజే’ అన్నట్టు. ఓడినప్పుడే ఎక్కువ అంటారు. వెటకారం కావాలంటే గొంతులో తెలుస్తుంది, అప్పుడు ఎదుటివాడు పిల్లాడై ఉండడు.

మాడ్రిడ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిసెంబరులో ఆఫీసంతా కలిసి క్రిస్మస్ లాటరీ టికెట్లు కొన్నాం. చిన్న బహుమతి తగిలింది. ‘సోమొస్ గనదోరెస్’ అని గ్రూపులో పెడితే అందరూ నవ్వుతూ ‘నోస్ ఆ తొకాదో’ అని దిద్దారు. తేడా ఏమిటి?
— ఒక ప్రవాసి

‘గనదోరెస్’ తప్పు కాదు, కానీ మీ ప్రతిభతో గెలిచినట్టు వినపడుతుంది. స్పెయిన్‌లో లాటరీని గెలవరు, అది వచ్చి తాకుతుంది. ‘తొకార్’ అంటే తాకడం. ‘నోస్ ఆ తొకాదో’ అంటే మనకు తగిలింది. మీరు తెలుగులో రాసిన ఉత్తరంలోనే ‘బహుమతి తగిలింది’ అన్నారు, చూసుకోండి. దాన్నే స్పానిష్‌లో పెడితే సరిపోయేది, మీరు మధ్యలో ఇంగ్లిషు గుండా వెళ్లారు. లాటిన్ అమెరికాలో మాత్రం లాటరీ ‘గెలిచాను’ అంటే ఎవరూ దిద్దరు.

ఆ లాటరీ 1812లో కాదిస్‌లో మొదలైంది. డిసెంబర్ 22 ఉదయం సన్ ఇల్దెఫోన్సో బడి పిల్లలు నంబర్లను పాటలా పాడతారు. అన్నిటికన్నా పెద్ద బహుమతిని ‘ఎల్ గోర్దో’, అంటే బొద్దుగాడు, అంటారు. ఇరవై యూరోల టికెట్‌కు 4,00,000 యూరోలు, పన్ను పోను 3,28,000. మర్నాటి పత్రికల్లో డబ్బు వచ్చినవాళ్లను ‘అగ్రసియాదోస్’ అని రాస్తారు. దయకు పాత్రులైనవాళ్లని. బెన్సెదోర్ అని మాత్రం ఎవరూ రాయరు, ఓడించింది ఎవరిని?

స్పెయిన్ నుంచి వచ్చే అతిథులకు అల్లూరి సీతారామరాజు గురించి నాలుగు మాటలు చెప్పాలి. నిఘంటువులో ‘ప్రోసెర్’ దొరికింది. వాడొచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

మాస్టారూ, నేనైతే వాడను. ‘ప్రోసెర్’ అంటే దేశాన్ని నిలబెట్టిన మహనీయుడు. అర్జెంటీనాలో సాన్ మార్తీన్, ఉరుగ్వేలో అర్తీగాస్ లాంటివాళ్లు. కంచు గుర్రం మీద కూర్చుని, నోట్ల మీద, బడి గోడల మీద కనిపించేవాళ్లు. ఎక్కువగా లాటిన్ అమెరికా మాట. బొలీవార్ కూడా ఆ కోవే, కానీ ఆయనకు 1813లో కరాకాస్ నగరం ఇచ్చిన ‘లిబెర్తదోర్’, అంటే విమోచకుడు, అనే సొంత బిరుదు ఉండగా ఇంకొకటి అక్కర్లేదు. ప్రోసెర్ అనగానే మీ అతిథులకు రాజ్యాంగం, పార్లమెంటు, కోటు కళ్ల ముందుకొస్తాయి. విల్లంబులు, మన్యం రావు.

వాళ్ల సొంత చరిత్రలోనే మీకు మంచి మాట ఉంది, ‘గెరియేరో’. 1808లో నెపోలియన్ సైన్యం స్పెయిన్‌ను ఆక్రమించినప్పుడు రైతులు, గొర్రెలకాపరులు, సాధువులు చిన్న చిన్న దండులుగా కొండదారుల్లో కాపుకాసి దెబ్బ కొట్టి మాయమయ్యేవారు. ఆ చిన్న యుద్ధమే ‘గెరియా’. మన ‘గెరిల్లా’ అక్కడి నుంచి వచ్చిందే. ఎల్ ఎంపెసినాదో అనే పేరుతో ప్రసిద్ధుడైన హువాన్ మార్తీన్ దియేస్ కథ మీ అతిథులకు బడిలోనే తెలిసి ఉంటుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసి, తుపాకులు పట్టుకుపోయిన మనిషి గురించి చెప్పేటప్పుడు ఎంపెసినాదోను ఒక్కసారి తలవండి. ఇక వివరించక్కర్లేదు, తలలూపుతారు. 1924 మే 7న కాల్చి చంపారని చెప్పేటప్పుడు ‘మార్తిర్’ అనండి. మొత్తం మీద ‘ఎరోయె పొపులార్’, జనం వీరుడు, అంటే అన్ని విధాలా నిలుస్తుంది. కాకినాడ అభిమానికి వద్దన్న మాటను ఇక్కడ ధైర్యంగా వాడొచ్చు.

మెక్సికో అతిథులైతే ‘ఇన్సుర్హేంతె’ బాగా అందుకుంటారు, వాళ్ల స్వాతంత్ర్య యోధుల పేరది. రాజధానిలో అతి పొడవైన రోడ్డు పేరు కూడా అదే. ఒక్కటి మాత్రం వద్దే వద్దు. నిఘంటువు ‘నాయకుడు’ అనే అర్థం కింద ‘కౌదీయో’ చూపిస్తుంది. స్పెయిన్ నియంత ఫ్రాంకో తనకు తాను పెట్టుకున్న బిరుదు అది. స్పెయిన్ అతిథుల ముందు మన రాజుగారికి అది తగిలిస్తే, మీ నాలుగు మాటల్లో మూడు దాన్ని సర్దుకోవడానికే పోతాయి.

విన్సెంట్ ఫెర్రర్ గారి ఫొటో కింద స్పానిష్‌లో రెండు ముక్కలు రాయాలి. అవార్డు వచ్చినవాళ్లను ‘గనదోర్’ అనాలా, ‘ప్రెమియాదో’ అనాలా?
— గ్రామ గ్రంథాలయ నిర్వాహకుడు, అనంతపురం జిల్లా

‘గలర్దొనాదో’, అంటే పురస్కారం అందుకున్న మనిషి, అని రాయండి అన్నా. గనదోర్ అంటే ఆయన పోటీకి దిగినట్టు ఉంటుంది. సన్మానం మనం వెళ్లి గెలిచేది కాదు, వాళ్లు పిలిచి ఇచ్చేది. 1998లో ఆయనకు ప్రిన్సిపె దె అస్తూరియాస్ దె లా కొంకోర్దియా పురస్కారం వచ్చింది కాబట్టి ‘గలర్దొనాదో కొన్’ అని దాని పేరు కలపండి. ‘ప్రెమియాదో’ కూడా నడుస్తుంది, కాస్త బడి బహుమతుల వాసన వేస్తుంది, అంతే. ‘లౌరెయాదో’ అందంగా ఉందని పెట్టొద్దు. స్పెయిన్‌లో అత్యున్నత సైనిక పతకం గుర్తొస్తుంది. నోబెల్ వస్తే మనిషినే ‘నొబేల్’ అనేస్తారు, చివరి అక్షరాన్ని ఒత్తి పలకాలి. 1945లో సాహిత్యానికి అందుకున్న చిలీ కవయిత్రి గబ్రియేలా మిస్త్రాల్ ‘లా నొబేల్’.

రెండో ముక్క అవార్డు గురించి కాకుండా మనిషి గురించి ఉంటే బాగుంటుంది. 1920లో బార్సెలోనాలో పుట్టి, 1969లో పేదల సేవ కోసం మన కరువు సీమకు వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన మనిషి. ఈమధ్య స్పానిష్‌లో ‘రెఫెరేంతె’ అనే మాట బాగా వాడుతున్నారు. ఫలానా దారిలో నడవాలంటే ఎవరిని చూస్తామో వాళ్లు. నాకు ఆ మాట కొంచెం ఆఫీసు మాటలా అనిపిస్తుంది. అందుకే ఊరివాళ్లు పిలిచినట్టు ‘ఫాదర్’ అని తెలుగులోనే వదిలేసి, కింద ‘అసీ లో యామాబన్ ఆకి’, ఇక్కడ ఆయన్ను ఇలా పిలిచేవారు, అని రాయండి. స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు ఆ ఫొటో ముందే ఎక్కువసేపు ఆగుతారు.

మా తాత ఒంగోలు ఎడ్లను పెంచుతాడు. బండలాగుడు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆయన ‘గనదోర్’ఆ, ‘గనదేరో’ఆ? రెండూ కలిసిపోతున్నాయి.
— ఇంటర్ విద్యార్థి, ప్రకాశం జిల్లా

రెండూనూ! ‘గనాదో’ అంటే పశుసంపద, గెలుచుకున్నది, సంపాదించినది అని కూడా. దాన్ని పెంచే ఆసామి ‘గనదేరో’. బహుమతి తెచ్చుకున్నాడు కాబట్టి గనదోర్ కూడా. అయితే ‘ఒంగోలు’ అంటే అక్కడ ఎవరికీ తెలియదు, ‘నెలోరె’ అనాలి. మన నెల్లూరు పేరు మీద బ్రెజిల్‌లో స్థిరపడిన ఆ జాతి ఇప్పుడు బొలీవియా, పరాగ్వే పచ్చిక మైదానాల నిండా ఉంది. బొలీవియాలోని సాంతా క్రూస్ రైతుకు మీ తాత ఎద్దుల ఫొటో చూపిస్తే బేరం మొదలుపెడతాడు. కంపెయోన్ మాత్రం మీ తాత కాదు. వాళ్ల పశుప్రదర్శనల్లో ‘గ్రాన్ కంపెయోన్’ అనే బిరుదు, మెడలో రిబ్బను, పత్రికలో ఫొటో అన్నీ ఎద్దుకే ఇస్తారు. ఆసామి పక్కన తాడు పట్టుకుని నిలబడతాడు.